మంచం బొమ్మ

మళ్లీ ఆగింది. కింది పడకలో ఆయన గురక చేదతాడు తెగినట్టు ఠక్కున తెగింది, ఆ తర్వాత ఏమీ లేదు. లారీ క్యాబిన్‌లో పై పడక మీద వెల్లకిలా పడుకుని, కప్పుకూ నా ముక్కుకూ మధ్య ఉన్న జానెడు జాగాలో, నా ఊపిరి కూడా బిగబట్టి వింటున్నాను. బయట ఎవరో లారీ తలుపు వేశారు. పరదా సందులోంచి ఎండ సన్నటి గీతలా వచ్చి నా మోకాలి మీద పడింది. రా, రా, అనుకుంటున్నాను. ఎవరిని రమ్మంటున్నానో, ఊపిరినో మనిషినో. అప్పుడు నీళ్లలో మునిగినవాడు తల పైకెత్తినట్టు పెద్ద చప్పుడుతో గాలి పీల్చి, ఏదో గొణిగి, మళ్లీ మొదలుపెట్టారు. నేనూ ఊపిరి వదిలాను. రాత్రంతా ఇదే తంతు. ఆగడం, ఉలిక్కిపడడం, లేచి కూర్చోవడం, సీసాలో నీళ్లు తాగడం, దుప్పటి సర్దుకోవడం. సరిగ్గా కన్నంటింది తెల్లారాక. ఇంకో గంటలో మా రెస్ట్ అయిపోతుంది. లేచి ముఖం కడుక్కుని స్టీరింగు ముందు కూర్చుంటారు, నేను పక్క సీట్లో కూర్చుంటాను, వెనక గాజు పలకలు నిలువుగా కట్టి ఉంటాయి, ముందు కొండ దిగే రోడ్డు ఉంటుంది.

డ్యాష్ మీద రేడియో అంత మెషీను ఒకటి ఉంది. దాని నోట్లో మా ఇద్దరి కార్డులు ఉంటాయి. బండి నడుస్తుంటే స్టీరింగు బొమ్మ చూపిస్తుంది, ఆగి రెస్ట్‌లో ఉంటే మంచం బొమ్మ. చిన్నపిల్లలు గీసినట్టుంటుంది ఆ మంచం, రెండు కోళ్లు, ఒక తలగడ. ఇద్దరు డ్రైవర్లున్న బండికి ఆ మంచం తొమ్మిది గంటలు చెదరకుండా నిలబడితే చాలు, విశ్రాంతి పూర్తయినట్టే. ఒక్కడే నడిపేవాడికైతే మామూలుగా పదకొండు. జంటకు తక్కువెందుకంటే ఒకరు నడుపుతుంటే రెండోవాళ్లు నడుం వాల్చుతారుగా అని కాబోలు. మళ్లీ అదే రూలు, కదిలే బండిలో ఎంత పడుకున్నా అది విశ్రాంతి కిందికి రాదంటుంది. ఈ రూల్సన్నీ క్లాసులో ఒక మేడం చెప్పారు. లావుపాటి మనిషి, చెప్పేటప్పుడు బల్ల మీద వేలితో కొట్టేవారు. "రెస్ట్ అంటే మీ టైము. పడుకోండి, సినిమా చూసుకోండి, మొగుడూ పెళ్లాలయితే పోట్లాడుకోండి, మాకనవసరం. బండి మాత్రం కదలకూడదు. కదిలిందా, మళ్లీ మొదటినుంచీ." అందరూ నవ్వారు. నేను చెయ్యెత్తాను. మరి రెస్ట్‌లో నిద్ర పట్టకపోతే అని అడిగాను. మేడం వేలు బల్ల మీదే ఆగింది. "దానికి రూలేం లేదమ్మా. నిద్రని ఎవరు కొలుస్తారు?" పక్కన కూర్చున్న ఈయన మోచేత్తో పొడిచి, మా ఇంట్లో లాయరమ్మ తయారైందండోయ్ అన్నారు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఫోన్లో కూడా నా నంబరు దాని కిందే దాచుకున్నారు.

ఎంత సరదాగా అన్నారో ఆ రోజు. అప్పటిదాకా నేను బిస్కెట్ల ఫ్యాక్టరీలో, బెల్టు మీద వచ్చే విరిగిన ముక్కలు ఏరేదాన్ని. ఈయన ఏ పదిహేను రోజులకో చుట్టంలా వచ్చేవారు, చుట్టంలాగే నా తువ్వాలు ఎక్కడుంది అని అడిగేవారు. పెళ్లయిన ఇన్నేళ్లలో కలిసి గడిపిన రోజులు ఏరితే విరిగిన ముక్కలంత కూడా ఉండవనిపించి, నేనూ వస్తాను బండి మీద అన్నాను. వెక్కిరిస్తారనుకున్నాను. లేదు. ఖాళీ గోడౌను వెనక సిమెంటు నేల మీద నాకు రివర్సు నేర్పించారు, ఒక్కసారి కూడా విసుక్కోకుండా. అద్దంలో చూడు, నా మొహంలో ఏముంది, అద్దంలో చూడు, అంటూ వెనక్కి వెనక్కి నడిచేవారు, చేతులు ఊపుకుంటూ, మనిషి అంత పెద్ద బండికి ఎదురుగా ఏ భయమూ లేకుండా. నా చేతిలో ఉన్న బండి తన మీదికి రాదని అంత నమ్మకం. లైసెన్సు వచ్చిన రోజున స్వీటు కొనుక్కొచ్చి తనే సగం తినేశారు. కలిసి తిరుగుతాం అనుకున్నాను. కలిసి తిరగడమంటే ఒకరు లేచిన దుప్పటి వేడిలోకి ఇంకొకరు దూరడమేనని తర్వాత తెలిసింది. సీటు మారేటప్పుడు రెండు మాటలు. బ్రేకు కొంచెం గట్టిగా ఉంది చూసుకో. ఫ్లాస్కులో టీ ఉంది, తాగండి. ఇద్దరం ఒకేసారి ఆగే ఈ తొమ్మిది గంటల్లో మాట్లాడుకోవచ్చు గానీ, అప్పటికి మాటలుండవు, ఒళ్లు నొప్పులుంటాయి.

గురక బాగానే సాగుతోంది ఇప్పుడు. సాగనీ.

పోయిన వారం ఇంతే, నేను పక్క సీట్లో కునుకు తీస్తున్నాను. టైర్ల కింద ఝుమ్మని రొద వచ్చింది, రోడ్డు అంచున గాట్లు పెట్టి ఉంటాయే, వాటి మీదికి ఎక్కినప్పుడు వచ్చే రొద. కళ్లు తెరిచాను. ఆయన కళ్లూ తెరిచే ఉన్నాయి. అదే నాకు మరపు రానిది. మూసుకుని ఉంటే అరిచేదాన్ని. తెరిచిన కళ్లతో నేరుగా ముందుకు చూస్తున్నారు, చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, మనిషి లేరు. ఏమండీ అని భుజం పట్టి కుదిపితే మెల్లగా బండిని లోపలికి తెచ్చి, ఏం కాలేదు, పడుకో అన్నారు. ఎప్పుడో చిన్నప్పుడు కలొచ్చి ఏడిస్తే మా అమ్మ అన్నట్టు. రెప్ప వాల్చారండీ అంటే, వాల్చలేదు, ఆలోచిస్తున్నాను అన్నారు. ఏం ఆలోచిస్తున్నారు అంటే, అది కూడా నీకు చెప్పాలా అన్నారు. తర్వాత బండి ఆపిన చోట నేను కిందికి దిగి చూస్తే ఎడమ టైరు పక్కకి గడ్డి అంటుకుని ఉంది. పచ్చి గడ్డి. దాన్ని చేత్తో పీకేశాను. ఎందుకు పీకేశానో. ఎవరు చూస్తారని.

డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాను, ముక్కు దిబ్బడని అబద్ధం చెప్పి. డాక్టరు ఈయన నాలుక కింద, గొంతులో లైటు వేసి చూసి, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో, ఒక రాత్రి ఇక్కడ పడుకోబెట్టి పరీక్ష చేద్దాం, అదే అయితే మాస్కు పెట్టుకుంటే సరిపోతుంది, అప్పటిదాకా డ్రైవింగు వద్దు అన్నాడు. ఆ చివరి ముక్క వినగానే ఈయన చొక్కా గుండీలు పెట్టుకున్నారు. మెట్లు దిగుతూ, గురక పెట్టని మగాడు ఎవడో చూపించు అన్నారు. మా నాన్న పెట్టేవాడు, మా తాత పెట్టేవాడు, ఇద్దరూ చచ్చింది గురకతో కాదు అన్నారు. మాస్కు పెట్టుకుంటే తగ్గుతుందట కదండీ అంటే, పరీక్ష అంటూ రాయించుకున్నాక నా లైసెన్సు పక్కన పెడతారు, అది తిరిగి నా చేతికి రాదు, నా వయసులో వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు అన్నారు. అందులో అబద్ధం లేదు. నేనెవర్నని చూపించను. నిన్న భోజనం దగ్గర మళ్లీ ఎత్తాను. మీరు చెప్పకపోతే నేనే మేనేజరుకి చెప్తానన్నాను. చెంచా కింద పెట్టి, "చెప్పు. చెప్పి ఇద్దరం ఇంట్లో ఎదురెదురుగా కూర్చుందాం. నువ్వు నా మొహం చూడు, నేను నీ మొహం చూస్తాను," అన్నారు. ఆ మాటలో నిద్రమత్తు లేదు. పూర్తిగా మెలకువతోనే అన్నారు.

చెప్పాను కూడా. పొద్దున ఈయనకి కన్నంటగానే మెల్లగా దిగి, స్నానాల గదుల వెనక నిలబడి మేనేజరుకి ఫోన్ చేశాను. నాలుగు ముక్కలు చక్కగా పేర్చుకునే వెళ్లాను, తీరా ఆయన గొంతు వినగానే అన్నీ కలిసిపోయాయి.

"సార్, ఆయనకి నిద్ర సరిపోవడం లేదు సార్. ఇవాళ కొండ రోడ్డు ఆయనతో వద్దు."

"రెస్ట్ ఎప్పుడు మొదలుపెట్టారమ్మా?"

"రాత్రి. టైముకే ఆపాం."

"మరింకేం? తొమ్మిదీ పూర్తవుతాయిగా."

"ఆగడం ఆగాం సార్. నిద్రే పోలేదు. నిద్రలో ఊపిరి ఆగిపోతోంది ఆయనకి, నేను వింటూనే ఉన్నాను."

"అమ్మా, బండి ఆపమంటే ఆపిస్తాం. జోలపాట పాడమంటే మా వల్ల అవుతుందా? పోనీ మీరే నడపండి."

నా గంటలు అయిపోవచ్చాయి సార్ అన్నాను. ఆయన వంతు కూడా నేనే లాగుతున్నాను సార్, రెండు వారాలకి ఇన్ని గంటలే నడపాలన్న లెక్కలో నాకు మిగిలింది ఎంతో లేదు, కొండ మొదట్లోనే అయిపోతుంది అని చెప్పాను. అవతల కీబోర్డు టకటకలాడింది. నా గంటలు చూస్తున్నాడు. ఆయన గంటలూ చూశాడు. "ఆయనవి బోలెడున్నాయి," అన్నాడు సంతోషంగా, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసినట్టు. గోడకు చెప్పుకున్నా నయమే, గోడ కనీసం గంటలున్నాయని సంతోషించదు.

పొట్టాయన గుర్తొస్తున్నాడు. ఇలాంటి పార్కింగుల్లో మాకు తరచూ తగిలేవాడు, నవ్వితే భుజాలు ఎగిరేవి, నన్ను చెల్లెమ్మా అని పిలిచి మా ఆయన్ని మాత్రం ఏరా అనేవాడు. టైరు మార్చుకోడానికి రోడ్డు పక్కన ఆగి ఉన్న వ్యానుని మిట్టమధ్యాహ్నం లారీతో వెనకనుంచి గుద్దాడు. బ్రేకు వేసిన గుర్తు కూడా లేదట రోడ్డు మీద. వ్యాను బయట నిలబడి ఉన్న తండ్రీ, ఆయన చేతికి స్పానరు అందిస్తున్న కూతురూ. మెషీను తీసి చూశారు. రెస్ట్ అంతా సక్రమంగా ఉంది, మంచం బొమ్మలు వరసగా, ఆస్పత్రి వార్డులా. విశ్రాంతి తీసుకున్న డ్రైవరే అని తేల్చారు, కాబట్టి నిర్లక్ష్యం అన్నారు, పొట్టాయన జైల్లో ఉన్నాడు. ఈయన వెళ్లి చూసొచ్చారు. ఏమన్నాడండీ అని అడిగితే, ఇక్కడ బాగా నిద్ర పడుతోంది రా అన్నాడట. చెప్పి ఈయన నవ్వారు.

మళ్లీ ఆగింది. ఈసారి ఎక్కువసేపు. నేను పడక అంచు మీంచి తల వంచి చూశాను. నోరు తెరుచుకుని ఉంది, గడ్డం మీద రెండు రోజుల నెరిసిన వెంట్రుకలు, పొట్ట పైకి లేస్తోంది గానీ ఊపిరి లోపలికి పోవడం లేదు, తలుపు అవతల ఎవరో లోపలికి రావాలని తోస్తున్నట్టు. నేను చెయ్యి జాపేలోగా తోసుకుని వచ్చేసింది. పెద్దగా పీల్చి, చెంప కింద చెయ్యి పెట్టుకున్నారు. కంటి కింద నల్లటి సంచులు. అద్దంలో చూడు అంటూ వెనక్కి నడిచిన మనిషి. బండి తాళం డ్యాష్ మీదే ఉంది. తాళం దాచేస్తేనో? రెండో తాళం ఆయన బ్యాగులో ఉంది. నేను దిగిపోతే? దిగిపోతే తనొక్కరే వెళ్తారు, ఇంకా అధ్వాన్నం, భుజం పట్టి కుదిపేవాళ్లు కూడా ఉండరు. పోలీసులకి చెప్తే? ఏమని చెప్పను, మా ఆయన గురక పెడతారనా. ఇంకో తొమ్మిది గంటలు ఇలాగే పడుకోబెట్టగలిగితే. ఇప్పుడిప్పుడే పడుతోంది నిద్ర. లేపకపోతే? సెల్‌లో అలారం ఉంది, దాన్ని ఆపినా మేనేజరు ఫోన్ చేసి లేపుతాడు, రెస్ట్ అయిపోయాక ఒక్క నిమిషం ఆగనివ్వడు. రెస్ట్ అయిపోయాక. అయిపోతేనే కదా.

బల్ల మీద వేలు. బండి మాత్రం కదలకూడదు. కదిలిందా, మళ్లీ మొదటినుంచీ.

ఆ ఆలోచన వచ్చాక కదలకుండా కొంచెంసేపు పడుకున్నాను. భయం వేసింది. ఆయనంటే కాదు, నేనంటేనే, ఇంత తేలిగ్గా తోచినందుకు. చివరగా బండి నడిపింది నేనే కాబట్టి డ్రైవరు గళ్లో నా కార్డే ఉంది. ఊరికే జానెడు కదిపితే మెషీను లెక్కలోకి తీసుకోదు, కాసేపు నడపాలి. నిచ్చెన చప్పుడు కాకుండా దిగి, ఆయన పడక పరదా లాగి, చెప్పుల్లేకుండానే సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పాను. ఇంజను మేలుకోగానే క్యాబిన్ మొత్తం వణికింది. గురక మాత్రం ఆగలేదు, పదిహేనేళ్లుగా ఆ వణుకులోనే పడుకుంటున్న మనిషికి అది ఉయ్యాలే. బ్రేకు వదిలితే గాలి బుస్సుమంది. పళ్లు తోముకుంటూ నిలబడ్డ పక్క లారీ డ్రైవరు నా వైపు చూసి దారిచ్చాడు. మెల్లగా, నడక కంటే మెల్లగా, గాజు పలకలు ఘల్లుమనకుండా పార్కింగు చుట్టూ తిప్పాను. కాంటీను ముందు నుంచి, స్నానాల గదుల పక్క నుంచి, చెత్త డబ్బాల దగ్గర మలుపు తిరిగి. మెషీను మీద మంచం పోయి స్టీరింగు వచ్చింది. తిరిగొచ్చేసరికి మా జాగాలో ఇంకెవడో పెట్టేసుకున్నాడు. దొంగతనానికి వెళ్లొచ్చేసరికి మన ఇంట్లో దొంగలు పడ్డట్టు. చివర ఒక మూల దొరికితే, రివర్సు తీస్తున్నాను, ఎడమ అద్దంలో చూస్తూ, అప్పుడు పరదా జరిగింది.

"ఎవరు తీయమన్నారు బండి?"

"ఎవరూ తీయమనలేదు."

బండి ఆపాను. ఆయన మెషీను వైపు చూశారు, చేతి గడియారం వైపు చూశారు. నిద్రమొహంలో అర్థమవడం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను, కింద నుంచి పైకి, గడ్డం, నోరు, కళ్లు.

"ఇంకాసేపట్లో అయిపోయేది కదే."

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"మీకు మెలకువలో చెప్తే వినలేదు. నిద్రపోండి. మళ్లీ మొదటినుంచీ ఉంది."

ఆయన ముందుకి వంగారు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు, "చూడు, ఇంకా ఏం మునిగిపోలేదు. పార్కింగువాళ్లు అర్జెంటుగా తీయమన్నారని రాసి పెట్టు. అలాంటివి ఒప్పుకుంటారు. నీ క్లాసులో చెప్పారు కూడా," అన్నారు.

"రాయను."

"రాయవూ?"

"పొట్టాయన గుద్దిన వ్యాను దగ్గర చిన్నపిల్ల నిలబడి ఉందండీ. నేను రాయను."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆ పిల్ల మాట ఎత్తగానే పెదవి బిగించి బయటికి చూశారు. మేనేజరు ఫోన్ అప్పుడే వచ్చింది, ఆయనకి ఆఫీసులో అన్నీ కనపడతాయి. ఈయన స్పీకరు ఆన్ చేసి ఫోన్ మా ఇద్దరి మధ్య పెట్టారు.

"డ్రైవరుగారూ, ఏంటిది? సైటులో క్రేను నిలబడి ఉంది, కూలీలు కూర్చుని ఉన్నారు. బండెందుకు కదిలింది?"

"ఆవిడ కదిలించింది," అన్నారు. ఎందుకో చెప్పలేదు. నేనే చెప్పాను, పొద్దున మీకు చెప్పిందే సార్ అని. తర్వాత మేనేజరు నాతో కాదు, ఆయనతోనే మాట్లాడాడు, నేను బండిలో లేనట్టు.

"సరే, అయిందేదో అయింది, రాత్రికి బయల్దేరండి. ఈ ట్రిప్పు తర్వాత మీకు వేరే జత చూస్తాను. కొత్తగా ఒకతను చేరాడు, ఓపికగలవాడు. ఆవిడని ఇంటిపట్టున ఉండమనండి. మొగుడూ పెళ్లాలని ఒక బండెక్కిస్తే ఇదే గోల."

నేను ఆయన మొహం చూశాను. ఒక్క మాట చాలు. ఆమె చెప్పింది నిజమే సార్ అనక్కర్లేదు, ఆలోచించి చెప్తాను సార్ అన్నా చాలు.

"సరే సార్," అన్నారు.

ఫోన్ పెట్టేసి, నన్ను చూడకుండా వెనక్కి వెళ్లి, నా వైపు వీపు పెట్టి, గోడకేసి తిరిగి పడుకున్నారు. కోపం వచ్చినప్పుడు ఎప్పుడూ అలాగే. అలా పక్కకు ఒత్తిగిలితే ఆయనకి ఊపిరి అంతగా ఆగదు. వెల్లకిలా పడుకోవద్దండీ అని నెలల తరబడి మొత్తుకున్నది ఇవాళ నా మీద ద్వేషం చేయించింది. కాసేపటికి గురక మొదలైంది, సన్నగా, తెగకుండా. నేను డ్రైవరు సీట్లోనే కూర్చుండిపోయాను. ఎండ అద్దం మీదికి ఎక్కింది, దిగింది. ఆకలి వేసింది, లేవలేదు, తలుపు చప్పుడుకి లేస్తారేమోనని. ఆ ఓపికగల కొత్తవాడి గురించి ఆలోచిస్తున్నాను. పేరు తెలియదు, మొహం తెలియదు, తమ్ముడూ అనాలో బాబూ అనాలో కూడా తెలియదు. అతనికి ఎవరు చెప్తారు. నిద్రొస్తోందా అని ఆయన్ని అడగకు నాయనా, లేదనే అంటారు. ఎడమ చెవి నలుపుకుంటున్నారంటే అయిపోయిందని గుర్తు, అప్పుడు ఈ రోడ్డంటే నాకిష్టం, నేను నడుపుతాను అని అబద్ధం చెప్పు. పడుకున్నప్పుడు వీపు వెనక దుప్పటి చుట్టి పెట్టు, వెల్లకిలా తిరగకుండా. కళ్లు తెరిచి ఉన్నాయని నమ్మకు. అతను ఇవన్నీ విని ఏమనుకుంటాడు, ముసలి పెళ్లాం పిచ్చి అనుకుంటాడు. అయినా చెప్తాను. నంబరు సంపాదించి చెప్తాను. తిట్టించుకోవడం నాకు కొత్తా.

సాయంత్రం వెనక పడక కిర్రుమంది. ఆయన పరదా తీసి ముందుకొచ్చి, నా పక్క సీట్లో కూర్చుని, రెండు చేతులూ పైకి చాచి ఒళ్లు విరుచుకున్నారు. కంటి కింద సంచులు సగం దిగాయి. గోడౌను వెనక సిమెంటు నేల మీద ఉన్నప్పటి మొహం అది, నేను ఎన్నాళ్లుగానో చూడనిది.

"అబ్బ, ఎంత బాగా పట్టిందే నిద్ర," అన్నారు నాతో, నవ్వుతూ.

నేనూ నవ్వబోయాను. అప్పుడాయనకి గుర్తొచ్చినట్టుంది. చేతులు మెల్లగా దించుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.